కుర్చీ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 33. విశాఖపట్నం రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు గాజువాకలో. రాకపోకలకు బైకు మీద రెండున్నర గంటలు, ఆఫీసులో పది గంటలు, ఇంటికొచ్చాక మంచం మీద ఒళ్లో ల్యాప్‌టాప్‌తో ఇంకో గంటన్నర. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. రెండున్నరేళ్లుగా పిల్లల కోసం చూస్తున్నాం. నా భార్యకు 29 ఏళ్లు. ఆమెకు స్కానింగులు, థైరాయిడ్, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ చేసి బాగానే ఉన్నాయన్నారు. చివరికి అక్టోబరు 20న నేను వీర్యపరీక్ష చేయించుకున్నాను. కౌంటు మిల్లీలీటరుకు 11 మిలియన్లు, కదలిక 31 శాతం, సరైన ఆకారం ఉన్నవి 3 శాతం అని వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో 103 డిగ్రీల జ్వరంతో డెంగీ వచ్చి తగ్గింది, అంతకు మించి జబ్బులేమీ లేవు. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే అలవాటు వల్లే ఇలా అయిందని మా అమ్మ అంటుంది. స్నేహితుడేమో ముప్ఫై వేల కుర్చీ కొనమంటున్నాడు. నిజంగా కూర్చోవడం వల్లేనా? కుర్చీ మారిస్తే మామూలవుతుందా? ఇంకో మాట, ఆరు నెలలుగా పడక దగ్గర కూడా పట్టు తప్పుతోంది. ఇది ఎవరికీ చెప్పలేదు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు డెంగీ సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, నా కన్ను అక్కడే ఆగింది.

వీర్యకణం పూటలో తయారయ్యే సరుకు కాదు. వృషణంలో మూలకణంగా మొదలై తోక మొలిచిన కణంగా మారడానికి దానికి సుమారు 74 రోజులు పడుతుంది. తర్వాత వృషణం వెనుక చుట్టలు చుట్టుకుని ఉండే సన్నని గొట్టంలో మరో రెండు వారాల దాకా గడిపితే గానీ ఈదడం రాదు. ఈ రోజు మీరిచ్చే నమూనాలో కనిపించేది గడిచిన మూడు నెలల చరిత్ర. సెప్టెంబరులో జ్వరంతో మీ ఒళ్లు కాలిపోతున్నప్పుడు సగం తయారై ఉన్న కణాలే అక్టోబరు 20న ఆ ప్లాస్టిక్ డబ్బాలోకి వచ్చాయి. గట్టి జ్వరం తగిలాక రెండు మూడు నెలల పాటు కౌంటు, కదలిక పడిపోవడం మామూలే. ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా అని పరీక్ష చేసేవాళ్లు అడిగి ఉండాల్సింది. మీరైనా చెప్పి ఉండాల్సింది.

అలాగని ఆ కాగితం చింపేయమని అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన లెక్క ప్రకారం కనీస హద్దులు ఇవి: మిల్లీలీటరుకు 16 మిలియన్లు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. మీవి మూడూ కిందే ఉన్నాయి. అయితే ఆ గీత ఎలా గీశారో తెలిస్తే మీకు కొంచెం ఊపిరి ఆడుతుంది. ఏడాదిలోపు భార్య గర్భవతి అయిన మగవాళ్ల నమూనాలను వరసలో పేర్చి, అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత అది. గీత కింద నిలబడినవాళ్లూ తండ్రులైనవాళ్లే. గీతకు పైన ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టి తీరుతారన్న హామీ కూడా లేదు. పైగా ఒకే మనిషి రెండు నెలల తేడాతో పరీక్ష చేయించుకుంటే అంకెలు సగానికి పడిపోవచ్చు, రెట్టింపు కావచ్చు. అందుకే ఒక్క పరీక్షతో ఎవరికీ ముద్ర వేయరు.

ఇక కుర్చీ.

ఇంత ముఖ్యమైన అవయవాలను ఎముకల గూట్లో దాచకుండా ప్రకృతి బయట వేలాడదీసిందంటే కారణం ఉంది. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల సెల్సియస్ అయితే, వీర్యకణాల తయారీకి అంతకంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ కావాలి. వృషణాలు వేలాడే తిత్తి చర్మం పలుచన, దాని కింద కొవ్వు ఉండదు, చెమట గ్రంథులు దండిగా ఉంటాయి. చలివేస్తే కండరం పైకి లాక్కుంటుంది, ఎండ కాస్తే కిందికి వదులుతుంది. ఇంకో ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వృషణానికి వేడి రక్తం తీసుకెళ్లే ధమని చుట్టూ, చల్లబడి తిరిగొచ్చే రక్తపు సిరలు పందిరి మీద తీగలా అల్లుకుని ఉంటాయి. వెళ్లే రక్తం దారిలోనే తన వేడిని వాటికి అప్పగించి లోపలికి పోతుంది. ఈ సిరల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. మన తెలుగులో వేడి రెండు రకాలు. ఒకటి థర్మామీటరులో కనబడేది. రెండోది ఆవకాయ ఎక్కువ తిన్నా, రాత్రి నిద్ర లేకపోయినా 'చేసేది'. వృషణాలకు వేడి మంచిది కాదని చెప్పగానే మర్నాటి నుంచి సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, మజ్జిగ మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను. అవి కూడా ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకునే తాగుతారు. మజ్జిగ మంచిదే, తాగండి. దాని చలువ తొడల మధ్యకు మాత్రం చేరదు. నేను చెబుతున్నది మొదటి రకం వేడి, థర్మామీటరు వేడి.

దాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని పరిశోధకులు 2005లో కొలిచి చూశారు. 29 మంది యువకులను గంటసేపు కూర్చోబెట్టారు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నప్పుడు తిత్తి వేడి ఎడమవైపు 2.6, కుడివైపు 2.8 డిగ్రీలు పెరిగింది. నేరం యంత్రానిదేనని అందరూ అనుకున్నారు గానీ, నాకు అందులో ఆసక్తి కలిగించిన అంకె వేరే ఉంది. ల్యాప్‌టాప్ ఏమీ లేకుండా, అదే భంగిమలో తొడలు దగ్గరికి చేర్చి ఊరికే కూర్చున్నా 2.1 డిగ్రీలు పెరిగింది. పెరిగిన వేడిలో ఎక్కువ వాటా భంగిమదే. అదే బృందం 2011లో మరో సంగతి చెప్పింది. తొడలు చేర్చి ల్యాప్‌టాప్ పెట్టుకుంటే ఒక డిగ్రీ పెరగడానికి 11 నిమిషాలు పట్టింది. ల్యాప్‌టాప్ కింద మెత్త వేసుకుంటే 14. కాళ్లు బాగా ఎడంగా పెట్టుకుంటే 28. మీలాంటివాళ్లు ల్యాప్‌టాప్ కింద పెట్టుకునే దిండుతో ఒరిగేది మూడు నిమిషాలన్నమాట.

కాబట్టి మీ అమ్మగారి మాటలో పస ఉంది. కాలు మీద కాలు వేసుకుంటే తొడల మధ్య గాలి ఆడదు. పెద్దల ముందు అలా కూర్చోవడం పొగరని చిన్నప్పుడు ఆవిడ మిమ్మల్ని గదమాయించే ఉంటారు. అప్పటి కారణం మర్యాద, ఇప్పటి కారణం ఉష్ణోగ్రత. మాట మాత్రం సరైనదే.

అయితే తిత్తి వేడెక్కడం వేరు, దానివల్ల పిల్లలు పుట్టకపోవడం వేరు. మొదటిది తేలిగ్గా కొలవగలిగారు. రెండో దాని దగ్గరకొచ్చేసరికి సాక్ష్యాలు అటూ ఇటూ లాగుతున్నాయి. అమెరికాలో 189 మంది కుర్రాళ్లను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 20 గంటలకు మించి టీవీ చూసేవాళ్ల వీర్యకణాల సాంద్రత అసలు చూడనివాళ్ల కంటే 44 శాతం తక్కువగా కనిపించింది. 2016లో డెన్మార్క్‌వాళ్లు 1,210 మందిని చూస్తే, రోజుకు ఐదు గంటలకు మించి టీవీ చూసేవాళ్లలో కౌంటు తగ్గింది గానీ, అంతసేపూ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లలో తగ్గలేదు. రెండూ కూర్చోవడమే కదా! టీవీ ముందు కూర్చునేవాడి చేతిలో పకోడీల పళ్లెం ఉంటుందనీ, సోఫాలో కూరుకుపోయి ఉంటాడనీ, నడక మానేసి ఉంటాడనీ మనం ఊహించుకోవచ్చు. ఊహ ఊహే. తేలిందేమిటంటే, కుర్చీకి ఈ నేరంలో పాత్ర ఉంది, కానీ సూత్రధారి అదే అనడానికి ఆధారాలు చాలవు.

మీ విషయంలో నా అనుమానం మీరు రాయని చోట్ల మీదికి పోతోంది. ఇప్పటిదాకా మిమ్మల్ని ఏ డాక్టరైనా పడుకోబెట్టి, నిలబెట్టి, చేత్తో పరీక్షించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. పైన చెప్పిన సిరలు ఉబ్బి మెలికలు తిరిగితే దాన్ని వెరికోసిల్ అంటారు. చల్లబరిచే ఏర్పాటే పాడైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మగవాళ్లలో సుమారు 15 శాతం మందికి ఇది ఉంటుంది, చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. సంతానం కోసం వైద్యుల దగ్గరికి వచ్చే మగవాళ్లలో మాత్రం మూడో వంతుకు పైగా ఇది కనిపిస్తుంది. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. నిలబెట్టి, గట్టిగా ముక్కమని చేత్తో చూస్తే అనుభవమున్న డాక్టరుకు తెలిసిపోతుంది. అవసరమైతే ఆపరేషన్ ఉంది. ఇది మీకు ఉంటే, ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా ఆ సిరలు సర్దుకోవు. ముందు యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రిలో అయినా సరే, మీకు నమ్మకమున్న మరో చోటయినా సరే. దీనికి డిసెంబరు దాకా ఆగనక్కర్లేదు, ఈ వారమే వెళ్లవచ్చు.

రెండోది 88 కిలోలు. మీ ఎత్తుకు 70 లోపు ఉండాలి. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు, మగ హార్మోనయిన టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోనుగా మార్చే పని చేస్తుంది. తొడల మధ్య పేరుకున్నది దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. కూర్చోవడం వల్ల జరిగే అసలు నష్టం ఈ దారిన వస్తుందని నా అభిప్రాయం. కుర్చీ నేరుగా వృషణాలను కాల్చే దానికంటే, పొట్ట పెంచి చేసే చెరుపు ఎక్కువ.

మీరు చివర్లో గొంతు తగ్గించి చెప్పిన సంగతికీ దీనికీ చుట్టరికం ఉంది. అంగస్తంభన రక్తప్రసరణ మీద ఆధారపడిన వ్యవహారం. అక్కడి రక్తనాళాలు గుండెవాటి కంటే సన్నవి కాబట్టి, లోపం ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. పరగడుపున రక్తంలో చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, బీపీ, ఉదయం పూట టెస్టోస్టిరాన్ ఇవన్నీ చూపించుకోండి. 33 ఏళ్లకే షుగరేమిటని అనుకోవద్దు, మన దగ్గర ఆ వయసుకు రావడం వింతేమీ కాదు. తెల్లవారుజామున నిద్రలో స్తంభన మామూలుగానే ఉంటోందా? ఉంటే చాలావరకు ఒంట్లో పెద్ద లోపం లేదని, మనసే బెదిరిందని అనుకోవచ్చు. అదీ సహజమే. 'ఈ నెల 12, 13, 14 తేదీలు' అని క్యాలెండరులో గుండ్రాలు చుట్టి, పది గంటల పని, గాజువాక ట్రాఫిక్ ముగించుకుని వచ్చినవాడిని ఇప్పుడే కానిమ్మంటే ఎవరికైనా పట్టు తప్పుతుంది. ఆ గుండ్రాలు తీసేయండి. రెండు మూడు రోజులకోసారి నెల పొడుగునా కలుస్తుంటే ఏ తేదీనీ వెతుక్కునే పని లేదు. 'దాచిపెట్టి' ఒక్కరోజు ఖర్చుపెడితే బలమెక్కువ అనేది ఉత్త మాట. ఎక్కువ రోజులు ఆగితే కదలిక తగ్గుతుంది.

మీ భార్య గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ట్యూబుల ఎక్స్‌రే నొప్పి ఎలా ఉంటుందో ఆమెను అడిగారా? మీ పరీక్షకు కావలసింది ఒక డబ్బా, ఒక గది, పావుగంట. సంతానం ఆలస్యమైన జంటల్లో సుమారు సగం చోట్ల మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా ఆమె పరీక్షలన్నీ అయ్యాక, రెండున్నరేళ్లకు మీ వంతు వచ్చింది. ఇందులో డాక్టర్లకూ వాటా ఉంది, ఇంట్లోవాళ్లకూ ఉంది. అమ్మగారితో కాలు మీద కాలు గురించి మాట్లాడినప్పుడు, లోపం కనబడిన రిపోర్టు మీదేనని, కోడలిది కాదని కూడా చెప్పారని ఆశిస్తాను. చెప్పకపోతే ఈ రాత్రి భోజనాల దగ్గర చెప్పండి.

ఇక చేయాల్సింది. గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా రుషికొండ దాకా ఎండలో కాగిన రెక్సిన్ సీటు మీద, బిగుతు జీన్స్‌లో, మన సముద్రపు ఉక్కపోతలో చెమట ఆరకుండా వెళుతున్నారు. కారు నడిపే తొమ్మిది మంది మీద చేసిన ఒక ఫ్రెంచి అధ్యయనంలో 160 నిమిషాల ప్రయాణానికి తిత్తి వేడి సుమారు 2 డిగ్రీలు పెరిగింది. బైకు మీద ఇంకా ఎక్కువో తక్కువో నేను పందెం కాయను గానీ, వారానికి రెండు మూడు రోజులైనా ఆఫీసు బస్సో, సిటీ బస్సో ఎక్కండి. నిలబడే చోటు దొరికితే అదృష్టమనుకోండి. బైకును నీడలో పెట్టండి. వదులు ప్యాంటు, వదులు నూలు లోదుస్తులు వేసుకోండి. హార్వర్డ్‌వాళ్లు 656 మందిని పరిశీలించి 2018లో చెప్పిన దాని ప్రకారం వదులు లోదుస్తులు వేసుకునేవాళ్లలో వీర్యకణాల సాంద్రత 25 శాతం ఎక్కువ. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉండాలి, మంచం మీద వద్దు. ఆఫీసులో అరగంటకోసారి లేవండి. మంచినీళ్ల సీసా పెద్దది కాకుండా చిన్నది పెట్టుకుంటే నింపుకోవడానికైనా లేస్తారు. ఫోను వస్తే నిలబడి మాట్లాడండి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేల మీద, మోకాళ్లు ఎడంగా ఉంచండి.

నడక సంగతి వేరే చెప్పాలి. మన ఊళ్లో ఒక విడ్డూరం ఉంది. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచే కుర్రాళ్లే, మర్నాటి నుంచి వీధి చివర పాల ప్యాకెట్టుకు బండి తీస్తారు. ఆ ఒక్కరోజు పుణ్యం పొట్టకు చాలదు. 40 నిమిషాల చొప్పున వారానికి నాలుగుసార్లు, చెమట పట్టేలా, ఆరు నెలలు వ్యాయామం చేసిన మగవాళ్లలో అంగస్తంభన మెరుగుపడిందని 2018లో వచ్చిన ఒక సమీక్ష చెబుతోంది. మీకు గాజువాక నుంచి బీచ్ రోడ్డు దూరం కాబట్టి, ఆఫీసు అయ్యాక రుషికొండ తీరంలోనే నడిచి, ట్రాఫిక్ తగ్గాక ఇంటికి వెళ్లండి. సెలవు రోజు అప్పన్న మెట్లు ఎక్కండి, ఇద్దరూ కలిసి. దిగాక మాత్రం బజ్జీల బండి దగ్గర ఆగొద్దు.

చేయకూడనివీ ఉన్నాయి, అన్నిటికంటే ప్రమాదకరమైనది ముందు చెబుతాను. జిమ్ములో ఎవరైనా 'టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేసుకో, మగతనం పెరుగుతుంది' అంటే అక్కడి నుంచి నడిచి వచ్చేయండి. బయటి నుంచి హార్మోను ఇస్తే, ఇక తయారు చేయనక్కర్లేదని మెదడు వృషణాలకు కబురు పంపుతుంది. కండలు వస్తాయి, కౌంటు సున్నాకు పోవచ్చు. సిగరెట్టు, గుట్కా ఉంటే మానండి, మందు తగ్గించండి. ఆవిరి స్నానాలు వద్దు. వేడికి విరుగుడని ఐసు ముక్కలు పెట్టుకోవడమూ వద్దు, చర్మం పాడవుతుంది. నెలకోసారి లాడ్జిలో దిగి చూర్ణాలు అమ్మేవాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మంచి పేరున్న మందుల దుకాణంలో దొరికే జింకు, ఫోలిక్ యాసిడ్ బిళ్లలు కూడా అంతంతే. 2,370 జంటల మీద పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు: ఆ బిళ్లలు వేసుకున్నా పిల్లలు ఎక్కువగా పుట్టలేదు, కడుపు మాత్రం కొంచెం పాడైంది.

పరీక్ష మళ్లీ ఎప్పుడంటే, డిసెంబరు రెండో వారం దాటాక. అప్పటికి జ్వరం నాటి కణాలు వెళ్లిపోయి ఉంటాయి. అంతకు ముందు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. నమూనా ఒక్క చుక్క పోకుండా డబ్బాలో పడాలి, పోతే చెప్పాలి. ఇంటి దగ్గర తీస్తే గంటలోపు ల్యాబుకు చేరాలి, గాజువాక నుంచి ఆ హడావిడి కంటే అక్కడే ఇవ్వడం మేలు. ఇది జ్వరం సంగతి తేల్చే పరీక్ష. అలవాట్లు మార్చిన ఫలితం ఇందులో కనబడదు. ఈ రోజు మొదలుపెడితే అది ఫిబ్రవరి చివర్లో చేసే పరీక్షలోనే తెలుస్తుంది. రెండిట్లోనూ అంకెలు కిందే ఉంటే హార్మోను పరీక్షలు, ఆపైన చికిత్స. మీ భార్యకు 29 ఏళ్లే కాబట్టి మూడు నెలలు ఆగితే కొంప మునగదు. ఈలోగా ఎవరైనా నేరుగా ఐవీఎఫ్‌కు తొందరపెడితే, ఎందుకని అడగండి. సంతాన చికిత్స కేంద్రాల మీద 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడగండి.

ముప్ఫై వేల కుర్చీ అంటారా, నడుము నొప్పి ఉంటే కొనుక్కోండి, సీటు కూడా జాలీ ఉన్నదయితే కాస్త గాలి ఆడుతుంది. కౌంటు కోసమే అయితే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. డాక్టరు ఫీజులకూ, రెండు పరీక్షలకూ, ఒక జత మంచి నడక బూట్లకూ అందులో సగం కూడా ఖర్చు కాదు. ఫిబ్రవరి రిపోర్టు వచ్చాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నాకు మళ్లీ రాయండి. అప్పటికి బరువెంత తగ్గారో కూడా రాయండి.